దేవదాసా, పరిణీతా? ముందు ఏది చదవాలి

కావలిలో డిగ్రీ చదివే మా అక్క కూతురు మొన్న ఫోన్ చేసింది. "పిన్నీ, ఇంట్లో శరత్ పుస్తకాలు రెండున్నాయి, ఏది ముందు చదవమంటావు?" అని. బెంగాలీ రచయిత శరత్ చంద్ర నవలలవి, ఒకటి దేవదాసు, ఇంకోటి పరిణీత. రెండింట్లోనూ చిన్నప్పటినుంచీ కలిసి పెరిగిన పిల్లా, పిల్లోడే. రెండింట్లోనూ పెద్దోళ్ల లెక్కలే అడ్డం. దానికి సంబంధాలు చూస్తున్నారు, అందుకే వెంటనే ఏదో ఒకటి చెప్పేయలేకపోయాను.

పరిణీత (1914) చిన్న పుస్తకం, ఒక్క పూటలో అయిపోతుంది. మేనమామ పంచన పెరిగే లలిత, పక్కింటి కలిగినోళ్ల అబ్బాయి శేఖర్. వేళాకోళంగా మొదలైన దండల మార్పిడినే లలిత పెళ్లి అనుకుంటుంది. శేఖర్ అనుమానపడి ముఖం చాటేస్తాడు. ఆమె ఏళ్లతరబడి నోరు మెదపదు. చివరికి ఒకటవుతారు. హాయిగా ముగుస్తుంది, నన్ను ఇబ్బంది పెట్టేదీ అదే. అతని మనసు మారకపోతే లలిత గతేంది?

దేవదాసు (1917) అట్టా వదిలిపెట్టదు. మనోళ్లకు ఆ పేరు చెప్తే 1953 సినిమా, తాగి తూలే అక్కినేనే గుర్తొస్తారు. పుస్తకం తెరిచి చూడండి, కథంతా పార్వతిదే. ఆమెది ఆడపిల్లకు ఓలి (కన్యాశుల్కం) పుచ్చుకునే ఇల్లని, అందులోనూ పక్కిల్లని దేవదాసు ఇంట్లో సంబంధం వద్దంటారు. పదమూడేళ్ల పిల్ల అర్ధరాత్రి ఒంటరిగా అతని గదికెళ్లి తనే అడుగుతుంది. ఎవరైనా చూస్తే పోయేది తన పరువేనని తెలిసే వెళ్తుంది. అతను కలకత్తా పోయి, నీమీద నాకంత ప్రేమెప్పుడూ లేదని ఉత్తరం రాస్తాడు. మనసు మార్చుకుని తిరిగొస్తే ఈసారి ఆమె కాదంటుంది. అంతే, గాలపు కర్రతో నుదుటిమీద కొడతాడు. ఆ మచ్చను ప్రేమకు గుర్తని చెప్పుకునేవాళ్లున్నారు. నాకు మాత్రం అది దెబ్బే.

తర్వాత ఆమెను ఇచ్చింది నలభై దగ్గరపడిన భార్యపోయినాయనకి. ఆయన కూతురే ఈమెకన్నా పెద్దది. ఆ కూతురు అలిగితే పార్వతి తన నగలన్నీ తీసిచ్చేస్తుంది. మా అమ్మమ్మది కూడా రెండో పెళ్లివాడి సంబంధమే. పెద్దామె నగలు ఒంటిమీద వేసుకోవడం తనకెప్పుడూ ఇష్టం లేదని చివరి రోజుల్లో చెప్పింది, అంతకుముందు ఎవరూ అడగలేదు.

ఇంకో సంగతి. 1992లో మన నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. తాగుడు ఇంటిని ఏం చేస్తుందో చూసిన గడ్డ ఇది. ఇక్కడ కూర్చుని దేవదాసు తాగుడును త్యాగమని చదవడం నావల్ల కాదు.

అందుకే దానికి చెప్పాను. "ముందు దేవదాసు చదువమ్మే. పార్వతి అర్ధరాత్రి ఎళ్లే ఘట్టం మీ అమ్మకు గట్టిగా చదివి వినిపించు. నీకు సంబంధాలు చూస్తోంది తనే గదా. పరిణీత ఆ తర్వాత."