పెద్దవాళ్లతో వెళ్తే గోల్కొండా, చౌమహల్లానా?

హైదరాబాద్‌లో ఒక్క పూటే ఉంటే, మోకాళ్లను బట్టి తేల్చుకోవాలి. గోల్కొండ కోటలో కొండపైన ఉండే బాలాహిస్సార్ మండపం దాకా దాదాపు 360 మెట్లు. నీడ తక్కువ, కాబట్టి నీళ్ల సీసా పట్టుకుని పొద్దున్నే ఎక్కేయాలి. కోట ద్వారం ఫతే దర్వాజా గుమ్మటం కింద చప్పట్లు కొడితే పైన బాలాహిస్సార్‌లో వినిపిస్తుంది; పిల్లలైతే అక్కణ్నుంచి ఓ పట్టాన కదలరు.

నిజాంల ప్యాలెస్ చౌమహల్లాలో ఆ ఎక్కుడు బాధ లేదు. ఖిల్వత్ దర్బారు హాల్లో 19 బెల్జియం షాండ్లియర్లు వేలాడుతుంటాయి. పసుపుపచ్చ 1912 రోల్స్ రాయిస్ దగ్గర ఫొటోల రద్దీ సరేసరి. శుక్రవారం సెలవు. చార్మినార్ పక్కనే కాబట్టి పార్కింగ్ టెన్షన్ ఎందుకు, ఆటోలో పోవడమే నయం.

అమ్మానాన్నలతో అయితే నా ఓటు చౌమహల్లాకే. గోల్కొండ చూసి తీరాలంటే సాయంత్రం సౌండ్ అండ్ లైట్ షోకి తీసుకెళ్లండి, కొండ ఎక్కక్కర్లేదు. దోమల మందు మాత్రం రాసుకోండి.