72 గంటల మాత్ర అడిగితే అబార్షన్ కిట్ చేతిలో పెట్టాడు, బాక్స్ చూడకుండా మింగొద్దు

షాపు పేరు రాయట్లేదు, హైదరాబాద్‌లో మా ఇంటి దగ్గర మెడికల్ షాపు. మొన్న ఆదివారం రాత్రి కండోమ్ చిరిగింది, పొద్దున్నే ఎమర్జెన్సీ పిల్ (గర్భం రాకుండా 72 గంటల్లోపు వేస్కునే మాత్ర) కోసం నేనే వెళ్ళా. కౌంటర్ దగ్గర కుర్రాడు నలుగురి ముందూ గట్టిగా "చీటీ ఉందా? లేకపోతే మీ వారిని పంపండి" అన్నాడు. చీటీ అక్కర్లేదు కదా అంటే లోపలికెళ్ళి ఏదో బాక్స్ పేపర్లో చుట్టి తెచ్చి "ఇది దానికన్నా గట్టిదమ్మా, మొత్తం పోతుంది" అని 600 తీస్కున్నాడు. బిల్లు అడిగితే ప్రింటర్ పాడైందన్నాడు.

ఇంటికొచ్చి విప్పి చూస్తే మిఫెప్రిస్టోన్ ఒకటి, మిసోప్రోస్టాల్ నాలుగు, అంటే ఎంటీపీ కిట్, అబార్షన్ మందు!! నా చేతులు వణికాయి, నేను కాబట్టి చదివా, చదవడం రాని మా పనమ్మాయి అయితే ఏంటి పరిస్థితి?

చీటీ అక్కర్లేని దానికి చీటీ అడిగాడు, చీటీ లేకుండా అస్సలు అమ్మకూడనిది ఇచ్చాడు. లెవోనార్జెస్ట్రెల్ ఎమర్జెన్సీ మాత్రని 2005 నుంచి చీటీ లేకుండానే అమ్మొచ్చు, పెళ్ళైందా, మొగుడు ఒప్పుకున్నాడా అని అడగమని ఏ చట్టమూ చెప్పలేదు. అది గర్భం రాకుండా ఆపేది, అండం విడుదలని వాయిదా వేస్తుంది, 72 గంటల్లోపు ఎంత తొందరగా వేస్కుంటే అంత మంచిది. కిట్ సంగతి వేరు, వచ్చిన గర్భాన్ని తీసేసేది, షెడ్యూల్ హెచ్ మందు, అంటే డాక్టర్ చీటీ ఉంటేనే అమ్మాల్సింది, డాక్టర్ చూసి 9 వారాల్లోపే అని తేల్చాక వాడాల్సింది. గర్భం గర్భసంచిలో కాకుండా పక్కనున్న ట్యూబులో ఉంటే ఈ మాత్రలతో అది పోదు, ట్యూబు పగిలి లోపల రక్తం కారి ప్రాణం మీదికొస్తుంది, అందుకే స్కాన్ చేస్తారు.

బాక్స్ మీద ఆర్ఎక్స్ (Rx) గుర్తు, ఎర్ర గీత ఉంటే డాక్టర్ చీటీ మీదే అమ్మాలని అర్థం, అదీ రిజిస్టర్డ్ ఫార్మసిస్ట్ దగ్గరుండి ఇవ్వాలి. బిల్లు ఇవ్వడం వాళ్ళ డ్యూటీ, ఇవ్వకపోతే అక్కడ కొనకండి, రేపు డ్రగ్స్ కంట్రోల్ (మెడికల్ షాపుల్ని తనిఖీ చేసే ప్రభుత్వ శాఖ) వాళ్ళకి కంప్లైంట్ ఇవ్వాలన్నా చేతిలో అదే ఉండాలి (నా దగ్గర లేదు, అయినా బాక్స్ ఫోటోలు, బ్యాచ్ నంబర్‌తో రాసి పెట్టా). కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915 కూడా ఉంది. షాపులో సిగ్గనిపిస్తే ఆశా వర్కర్‌ని అడగండి, వాళ్ళ దగ్గర ఎమర్జెన్సీ మాత్ర 2 రూపాయలకే ఇచ్చే స్కీమ్ ఉంది.

నాకు రెండు వీధులవతల ఇంకో షాపులో ఒక్క ప్రశ్న లేకుండా ఇచ్చారు, బిల్లుతో సహా. ఈ మధ్య ఇలా పేపర్లో చుట్టి ఇచ్చింది మీ ఇంట్లో ఉంటే ఇప్పుడే లేచి బాక్స్ మీద పేరు చదవండి, ఆల్రెడీ వేసేస్కుంటే దాచుకోకుండా అదే బాక్స్ పట్టుకుని గైనకాలజిస్ట్ దగ్గరికెళ్ళండి అక్కా, కడుపునొప్పి, బ్లీడింగ్ ఎక్కువైతే రాత్రైనా సరే ఆగొద్దు.