నడిమి గోడకు సగం పైసలే: భారత్ గృహ రక్ష వాడి చూశాక

ఉమ్మడి గోడ కూలితే బీమా కంపెనీ సగం పైసలు ఇస్తుంది. గోడను సగం కట్టే విద్య మాత్రం ఏ మేస్త్రీకీ తెలియదు. ఏండ్ల తరబడి కడుతున్న భారత్ గృహ రక్ష అనే ఇంటి బీమా పాలసీతో నా పేచీ అంతా ఇక్కడే. అగ్గి, గాలివాన, వరద, భూకంపం సంగతులు అందరికీ తెలిసినవే, వదిలేస్తున్నా.

పత్రం చదివితే మనసుకు హాయిగానే ఉంటుంది. ప్రహరీలు, కంచెలు, గేట్లు, మట్టిని ఆపే గోడలు, సెప్టిక్ ట్యాంకు, అన్నీ ఇంటి కట్టడం కిందికే వస్తాయని రాసి ఉంది. 2021 ఏప్రిల్ 1 నుంచి ఏ కంపెనీ అమ్మినా ఇదే నమూనా. విలువ తక్కువ చూపారని క్లెయిమ్‌లో కోత పెట్టకపోవడం కూడా పెద్ద ఊరటే. కానీ ఇంటి బీమా మొత్తాన్ని కార్పెట్ ఏరియాను కట్టుబడి ఖర్చుతో గుణించి వేస్తారు, ప్రహరీ ఆ లెక్కలో ఉండదు. దాని పొడవు, ఎత్తు, మందం, విలువ విడిగా చెప్పి పాలసీ షెడ్యూలులో (వివరాల పట్టికలో) ఎక్కించుకోవాలి. ఏజెంట్లు ఈ ఊసే ఎత్తరు.

ఇక కూలిన మా నడిమి గోడ. 40 అడుగుల పొడవు, 5 అడుగుల ఎత్తు, 9 అంగుళాల ఇటుక గోడ. పక్క ప్లాటులో మొరం పోసి లెవెల్ లేపారు, నీళ్లు పోయే దారి పెట్టలేదు. రాత్రంతా దంచిన వానకు మొరం వెనక నీళ్లు నిలిచి గోడను మా వైపు తోసేశాయి. నష్టం లెక్కగట్టడానికి కంపెనీ తరఫున వచ్చిన సర్వేయర్ అడిగినవి రెండే: గోడ ఎవరిది, ఎందుకు పడింది.

మొదటిదానికి రిజిస్ట్రేషన్ దస్తావేజే జవాబు చెప్పింది. హద్దుల్లో పడమర దిక్కున ‘ఉమ్మడి గోడ’ అని ఉంది. కాబట్టి సుమారు 2000 ఇటుకలు, 6 బస్తాల సిమెంటు, ఇసుక, కూలి, పునాది మరమ్మతు, ప్లాస్టరింగు, మొత్తం ఎస్టిమేటు వేసి సగానికి కోశారు. పక్కింటివాళ్లకు బీమా లేదు. శిథిలాలు తీయడానికి ఇచ్చేది క్లెయిమ్‌లో 2 శాతం దాకానే, అదీ ఆ సగం మీద. 8 టన్నుల ఇటుకముక్కలకు అదేం మూల?

రెండోది ఇంకా ప్రమాదం. పోసిన మట్టి కుంగితే, డిజైన్ లోపమైతే, పక్కన తవ్వకం జరిగితే నేల కుంగుబాటు కింద పరిహారం రాదు. సర్వేయర్ మొరం చూడగానే అటే మొగ్గాడు. క్లెయిమ్ బతికింది మూడు కాగితాల వల్ల: ఇటుక కదపకముందు రెండు వైపుల నుంచీ తీసిన ఫొటోలు, మిగిలిన గోడ మీద నీళ్లు నిలిచిన మరక ఫొటో, మండలాల వారీగా రాష్ట్ర అభివృద్ధి ప్రణాళికా సొసైటీ ఇచ్చే వాన లెక్క. వాటితో అది నీట మునిగిన నష్టం కింద పాసయింది. క్లెయిమ్ ఫారంలో కారణం రాసేటప్పుడు నీళ్లు ఎక్కడ, ఏ ఎత్తున నిలిచాయో రాయాలి. ఉత్తగా ‘గోడ కుంగింది’ అని రాస్తే మన గొయ్యి మనం తవ్వుకున్నట్టే.

గోడ పూర్తిగా పక్కవాళ్లదై, అది మన ఇంటి మీద పడితే ఈ పాలసీ బాగా పనిచేస్తుంది. బయటి వస్తువు తగిలిన నష్టాల జాబితాలో గోడ పేరు కూడా ఉంది. కాకపోతే మనకు పైసలిచ్చిన కంపెనీ వాటి వసూలుకు పక్కింటాయన మీదికి పోవచ్చు. పొద్దున లేస్తే మొహాలు చూసుకునేవాళ్లం, అదీ ఆలోచించుకోవాలి. మన గోడ పడి వాళ్ల బండి నలిగితే ఇందులో రూపాయి రాదు, దానికి లయబిలిటీ కవర్, అంటే మన వల్ల ఇతరులకు జరిగే నష్టానికి బీమా, వేరే కొనాలి.

దీనికి మందుల్లో నాకు నచ్చింది, రెండిండ్లవాళ్లూ ఒకే కంపెనీలో పాలసీ తీసుకొని చెరి సగం విలువ రాయించడం. ఒక్క సర్వేయర్, ఒక్క ఎస్టిమేటుతో పోతుంది. వాళ్లు రాకపోతే, గోడ మరమ్మతు మొత్తం మనదేనని ఇద్దరి సంతకాలతో ఒప్పందం రాసుకొని ప్రపోజలుతో ఇచ్చి, పూర్తి విలువ ఎక్కించమని అడగొచ్చు. కంపెనీ ఒప్పుకున్నట్టు షెడ్యూలులో కనిపించకపోతే ఆ ఒప్పందం బీరువాలో దాచుకోవడానికే. మళ్లీ కట్టేటప్పుడు మాత్రం నీళ్లు బయటికి పోయేలా గోడలో, మొరం అడుగు మట్టాన, 5 అడుగులకొకటి పీవీసీ పైపు ముక్క, దాని వెనక కంకర పెట్టించండి.

కాలనీలో నాలుగు దిక్కులా సొంత ప్రహరీ ఉన్నవాళ్లకు పాలసీ మంచిదే, ఏటా 10 శాతం విలువ పెరిగేలా పదేండ్లకు తీసుకున్నా తప్పులేదు. మహబూబ్‌నగర్, నల్లగొండ పాత వాడల్లో రెండిండ్ల దూలాలు ఒకే గోడ మీద ఆనిన మిద్దెలున్నవాళ్లకు అంత ధైర్యంగా చెప్పలేను. మా పక్క ఇల్లు పడగొట్టి పిల్లర్ల గుంతలు తవ్వుతారన్న మాట వినిపిస్తోంది కాబట్టి నేనైతే ఇప్పటికి ఏడాదికే కడుతున్నా.