చెట్ల తరలింపు సేవలు: యంత్రం సరే, కాలం మాటేమిటి?

పెరిగిన చెట్టును వేళ్లతో సహా తవ్వి మరోచోట నాటే సేవలకు ఇప్పుడు కొదవ లేదు. యంత్రాలు బాగున్నాయి, పని తెలిసిన మనుషులూ దొరుకుతున్నారు. పేచీ అంతా "ఏ నెలైనా ఫర్వాలేదు, బతికించే పూచీ మాది" అనే మాటతోనే. ఆకురాల్చే చెట్టును ఆకు రాలాక, మొగ్గ ఉబ్బకముందు తరలిస్తే ఈ సేవకు ఐదుకు నాలుగు మార్కులు వేయొచ్చు. అదే చెట్టును నడి ఎండల్లో కదిలిస్తే ఒక్కటే, అదీ క్రేన్ నడిపినవాడి నేర్పుకి.

నీరు పీల్చే సన్నవేళ్లు చాలావరకు అడుగున్నర లోతులోపే ఉండి, కొమ్మల అంచు దాటి దూరంగా పాకుతాయి. ఎంత ఒడుపుగా తవ్వినా మట్టిగడ్డతో వచ్చేవి కొన్నే. 90 శాతం దాకా పాతచోటే తెగి మిగిలిపోవచ్చు. ఆకులు మాత్రం అన్నీ ఉంటాయి, ఎండకు నీరు వదులుతూనే ఉంటాయి. అందుకే చెట్టుకు ఆకు లేని రోజులనో, గాలిలో తేమ ఉన్న రోజులనో వెతుక్కోవాలి.

చలి ప్రాంతాల్లో ఆకు రాలిన తర్వాత నేల ఇంకా వెచ్చగా ఉంటే పైన చెట్టు నిద్రపోతున్నా కింద వేళ్లు సాగుతాయి. నేల గడ్డకట్టే చోట చలి తగ్గి, మొగ్గలు విచ్చకముందు మంచిది. వానల మీద ఆధారపడే చోట మొదటి జల్లుకే తొందరపడకూడదు, పైన తడిగా కనిపించినా అడుగున పొడిగానే ఉంటుంది. రెండు మూడు గట్టి వానలు పడి తడి లోపలిదాకా దిగాలి. అలాగని ముసురులోనూ వద్దు. తడిసిన బంకమట్టిలో యంత్రం పారలు గుంత గోడల్ని కుండ లోపలివైపులా నున్నగా మెత్తేస్తాయి. కొత్త వేళ్లు ఆ గోడ దాటలేవు, నీరు నిలిచి కుళ్లుతాయి. గోడల్ని గడ్డపారతో గీరి గరుకుగా చేయడం ఐదు నిమిషాల పని. చాలామంది ఆ పని చేయరు.

ఎప్పుడూ పచ్చగా ఉండే చెట్లను చిగురు రాకముందో, వచ్చిన చిగురు ముదిరాకో కదిలించాలి. లేత ఆకులు వేలాడుతున్న వారాలు అన్నింటికన్నా చెడ్డవి. తాటి, ఖర్జూర జాతుల దారి వేరు. వాటికి కొత్త వేళ్లు రావాలంటే నేల వెచ్చగా ఉండాలి, కాబట్టి చలికాలం పనికిరాదు. అన్ని జాతులకూ ఒకే తేదీ చెప్పే సంస్థను అక్కడే పక్కన పెట్టేయొచ్చు.

బాగా చేసేవాళ్లు క్రేన్ తేదీకన్నా ముందు కందకం తేదీ చెబుతారు. కనీసం ఆరు నెలల ముందు కాండం చుట్టూ సగం, కొన్నాళ్లాగి మిగతా సగం తవ్వి వేళ్లు కోస్తారు. కోసిన చోట పుట్టే పిల్లవేళ్లు గడ్డలోనే ఉండిపోవాలంటే కందకం తుది గడ్డ అంచుకన్నా నాలుగైదు అంగుళాలు లోపలికి ఉండాలి. గడ్డ వెడల్పు కాండం మందానికి 10 నుంచి 12 రెట్లు. అంటే 10 సెం.మీ. కాండానికి మీటరు పైమాటే, బరువు అర టన్ను దాటుతుంది. చిన్న బండిలో సరిపెట్టడానికి గడ్డను కుదించే అలవాటు ఉంది కనుక ఈ కొలతను ఒప్పందంలో రాయించుకోండి. అదే బండి కోసం కొమ్మలన్నీ నరికేయడమూ మామూలే. మర్రి, రావి జాతులు దాన్ని తట్టుకుంటాయి. చాలా చెట్లకు అది ఆహారం తయారుచేసే ఆకునే తీసేయడం.

నాటే గుంత గడ్డకు రెండు మూడు రెట్ల వెడల్పుండాలి, లోతు మాత్రం గడ్డంతే. కాండం విప్పారి వేళ్లుగా మారే చోటు నేలపైన కనిపించాలి. ప్లాస్టిక్ గోనె, నైలాన్ తాడు అలాగే వదిలేస్తే కొన్నేళ్లకు కాండాన్ని బిగిస్తాయి.

30 రోజుల పూచీకి విలువ లేదు. దాచుకున్న పిండిపదార్థంతోనే చెట్టు చిగురేస్తుంది, అది చూసి బిల్లు చెల్లించేస్తారు. రెండు మూడు నెలల తర్వాత ఆ చిగురే మాడుతుంది. ఒక పూర్తి వేసవి కలిసొచ్చేలా ఏడాది పూచీ అడగండి. నీరు కాండం మందంలో ప్రతి 2.5 సెం.మీ.కి తడవకు 4 నుంచి 6 లీటర్లు, మొదట్లో రోజూ, ఆపై ఎడమిస్తూ పోయాలి. తడి ఉందో లేదో గడ్డలోకే పుల్ల గుచ్చి చూడాలి. చుట్టూ నింపిన మట్టి తడిగా ఉండి, గడ్డ లోపల ఎండిపోవడం తరచూ జరిగేదే.

కాండం 20 సెం.మీ. దాటితే ఈ సేవ జోలికి పోకుండా చిన్న మొక్క నాటడం మేలు. అది త్వరగా కుదురుకుంటుంది, చాలాసార్లు తరలించిన పెద్దదాన్ని దాటిపోతుంది కూడా. స్థలం ఎండల్లోనే ఖాళీ చేయాల్సి వస్తే, ముందే వేళ్లు కోసి సిద్ధం చేసిన చెట్టునే ఒప్పుకోండి. నాటేదాకా గడ్డను నీడలో ఉంచి, తడి గోనె కప్పి ఉంచుతామని రాసివ్వమనండి.