ఇస్లా ముహేరెస్‌లో డిసెంబర్ 8 పండగ: గోల్ఫ్ కార్ట్ వద్దు, నడవండి

ముందే చెప్పేస్తున్నా, ఇది మెక్సికోలోని కాంకూన్ రివ్యూ కాదు. డాలస్ నుంచి కాంకూన్ వెళ్లొచ్చిన మనవాళ్లు రాసినవి ఇప్పటికే బోలెడు ఉన్నాయి, రిసార్ట్‌లో పన్నీర్ దొరికిందా లేదా అన్న దగ్గర మొదలై అక్కడే ఆగిపోతాయి. నేను చెప్పేది దానికి ఎదురుగా సముద్రంలో ఉన్న ఇస్లా ముహేరెస్ అనే చిన్న దీవి గురించి, అదీ డిసెంబర్ మొదటి వారంలో, మేరీమాత పండగ జరిగేటప్పుడు. మేం ముగ్గురం వెళ్లాం, నేను, మా ఆవిడ, తెనాలి నుంచి ఆరు నెలలకి మా దగ్గరికి వచ్చిన అమ్మ. అమ్మకి అరవై మూడు, మోకాళ్ల నొప్పులు, పైగా శుద్ధ శాకాహారి. ఈ రివ్యూ ఎవరికి పనికొస్తుందో దీన్ని బట్టి మీకే అర్థమవుతుంది.

వీసా సంగతి ఒక్క ముక్కలో. పాస్‌పోర్ట్‌లో చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా ఉంటే మెక్సికోకి వేరే వీసా అక్కర్లేదు, అమ్మ విజిటర్ వీసాకి కూడా అదే వర్తించింది. తిరిగొచ్చేటప్పుడు మీ కాగితాల సంగతేంటో మాత్రం మీ లాయర్నే అడగండి, నన్ను అడక్కండి.

కాంకూన్‌లో ప్వెర్తో హువారెస్ అనే రేవు నుంచి బోటు. మేం అల్ట్రామార్ కంపెనీ బోటు ఎక్కాం, ఇరవై నిమిషాల ప్రయాణం. శుభ్రంగా ఉంది, పైన డెక్ మీద కూర్చుంటే నీళ్ల రంగు మారడం కళ్లముందే కనిపిస్తుంది, ముదురు నీలం కాస్తా దీవి దగ్గరికి వచ్చేసరికి నెమలికంఠం రంగులోకి దిగుతుంది. టికెట్ ఊరివాళ్లకి ఒక రేటు, మనకి ఒక రేటు. దానికి నాకేం బాధ లేదు, వాళ్లకి అది రోజూ ఎక్కే బస్సులాంటిది.

దీవి పొడవు ఏడు కిలోమీటర్లకి కాస్త అటూ ఇటూ, వెడల్పు చాలాచోట్ల కిలోమీటరు కూడా లేదు. 1517లో స్పెయిన్ వాళ్లు ఓడలో వచ్చి ఇక్కడ ఆడదేవతల బొమ్మలు చూసి ‘ఆడవాళ్ల దీవి’ అని పేరు పెట్టారట. ఆ బొమ్మలు మాయా జనం కొలిచిన ఇష్‌చెల్ అనే అమ్మవారివి, చంద్రుడికీ కాన్పులకీ ఆవిడే దేవత. దక్షిణం కొసన కొండ అంచు మీద ఆవిడ గుడి శిథిలం ఒకటి ఇప్పటికీ ఉంది, 1988లో గిల్బర్ట్ తుఫాను మిగిలినదాన్ని కూడా చాలావరకు కూల్చేసింది. గుడి చూడ్డానికి అని వెళ్తే నిరాశే, నాలుగు రాళ్ల గోడలు. సముద్రం చూడ్డానికి వెళ్తే మాత్రం పైసా వసూల్.

ఇక మొదటిరోజు మేం చేసిన తప్పు. గోల్ఫ్ కార్ట్.

ఇక్కడికి వచ్చిన ప్రతివాడూ బోటు దిగగానే గోల్ఫ్ కార్ట్ అద్దెకి తీసుకుంటాడు, ఏ వీడియో చూసినా అదే చెప్తారు, మేమూ అదే చేశాం. ఎండలో ముప్పావు గంట లైను, డ్రైవింగ్ లైసెన్స్ చూపించడం, కార్డు మీద డిపాజిట్, ఆ తర్వాత చేతికొచ్చింది కుడివైపు బంపర్ మీద జానెడు గీత పడి ఉన్న బండి. మా ఆవిడకి ఎందుకో తట్టి అన్నివైపులా ఫొటోలు తీసింది. సాయంత్రం అదే గీత చూపించి డిపాజిట్లో కోత పెడతామన్నారు. ఫొటో చూపిస్తే దులిపేసుకున్నారు గానీ, ఆలస్యం అయిందని ఇంకో గంట అద్దె మాత్రం పట్టుకున్నారు. ఆలస్యం ఎందుకైందంటే ఊరి మధ్యలో వీధులు పండగ కోసం మూసేశారు, ఆ సంగతి బండి ఇచ్చేటప్పుడు వాళ్లు చెప్పలేదు. షాపు పేరు రాయను, ఎందుకంటే పక్క షాపువాడు దీనికంటే మంచివాడని నాకు నమ్మకం లేదు. ఎవరి దగ్గర తీసుకున్నా ముందు ఫొటోలు తీసుకోండి, తర్వాతే సంతకం.

డబ్బు సంగతి పక్కన పెడితే, అసలు బండిలో తిరిగితే దీవి కనిపించదు. ముందు ఒక కార్ట్, వెనక ఒక కార్ట్, మధ్యలో మనం, పొగ. ఎక్కడైనా ఆగుదామంటే వెనకాలవాడు హారన్. అమ్మ సాయంత్రానికి తేల్చి చెప్పింది, “ఒరేయ్, దీనికంటే మన ఊళ్లో షేర్ ఆటో నయం రా.”

రెండోరోజు నడిచాం. మేం వేసుకున్న ప్లాన్ చెప్తా, పెద్దవాళ్లతో వెళ్తే ఇదే పనికొస్తుంది. పొద్దున్నే టాక్సీలో నేరుగా దక్షిణం కొసకి, అంటే పుంతా సూర్‌కి వెళ్లిపోయి, అక్కణ్నుంచి ఉత్తరానికి నడుచుకుంటూ రావడం. ఆ కొస మెక్సికో దేశం మొత్తానికీ తూర్పు చివర, కొత్త ఏడాదిలో మెక్సికో మీద పడే మొదటి ఎండ అక్కడే పడుతుందని చెప్పుకుంటారు. లోపలికి టికెట్ ఉంది. కొండ అంచు వెంట మెట్లదారి, రెయిలింగ్ కొన్నిచోట్ల నడుము ఎత్తు కూడా లేదు, పిల్లలు ఉంటే చెయ్యి వదలొద్దు. రాళ్ల మీద ఇగువానాలు, మన తొండలకి పెద్దన్నయ్యల్లాంటివి, కదలకుండా ఎండ కాచుకుంటూ ఉంటాయి. అమ్మ ఒకదాన్ని బొమ్మ అనుకుని పక్కన ఫొటోకి నిలబడింది, అది కన్ను ఆర్పేసరికి మోకాళ్ల నొప్పులు మర్చిపోయి మూడు మెట్లు ఒకేసారి ఎక్కింది.

తిరిగివచ్చే దారిలో తూర్పువైపు రోడ్డు అంతా సముద్రం పక్కనే. ఇటువైపు అలలు రాళ్లకేసి కొడతాయి, ఈతకి పనికిరాదు, ఈత అంతా పడమటివైపూ ఉత్తరం కొసనున్న ప్లాయా నోర్తే బీచ్‌లోనే. ఫుట్‌పాత్ కాసేపు ఉంటుంది, కాసేపు ఉండదు, నీడ దాదాపు శూన్యం. డిసెంబర్ కదా చల్లగా ఉంటుందనుకోకండి, తొమ్మిది దాటాక మన ఫిబ్రవరి ఎండలా ఉంటుంది. మధ్యలో గ్వాదలూపే మాత (మెక్సికో వాళ్లు ఈ పేరుతో కొలిచే మేరీమాతే) చిన్న గుడి ఒకటి ఉంది, సముద్రాన్ని ఆనుకుని. లోపల కూర్చుంటే ఎదురుగా బలిపీఠం వెనకాల కిటికీలోంచి సముద్రమే కనిపిస్తుంది, వేరే అలంకారం అక్కర్లేదు. డిసెంబర్ 12 ఆవిడ పండగ, అప్పటికే పూలు సర్దుతున్నారు. అమ్మ అక్కడ అరగంట కూర్చుంది. అక్కణ్నుంచి అమ్మనీ మా ఆవిడనీ టాక్సీ ఎక్కించేసి నేను ఊళ్లోకి నడిచాను.

ఉత్తరం వైపు బీచ్ దగ్గర్లో పాత శ్మశానం ఉంది, చూడండి. రంగురంగుల సమాధులు, ఇరుకు దారులు, పక్కనే హోటళ్లు. ముందాకా అనే బానిసల వ్యాపారి తన కోసం తనే చెక్కించుకున్న సమాధి అక్కడే ఉంది, పుర్రె బొమ్మ, ‘నువ్వు ఎలా ఉన్నావో నేనూ అలాగే ఉండేవాణ్ని, నేను ఎలా ఉన్నానో నువ్వూ అలాగే అవుతావు’ అనే అర్థం వచ్చే మాట. ఈ దీవి అమ్మాయి మీద మనసు పడి పెద్ద తోట, ఇల్లు కట్టించాడట, ఆ పిల్ల ఇంకొకరిని చేసుకుంది. వాడు మెరిదా నగరంలో పోయాడు, సమాధి ఖాళీ. నాకైతే ఆ పిల్ల మంచి పని చేసిందనిపించింది.

ఇప్పుడు అసలు విషయం. ఊరి చౌకులో అమలోద్భవ మాత, అంటే మేరీమాత చర్చి ఉంది. నవంబర్ ఆఖరు నుంచి తొమ్మిది రోజులు ప్రార్థనలు, డిసెంబర్ 8న పండగ. చర్చి చాలా మామూలుగా ఉంటుంది, గోపురాలు గీపురాలు ఆశించొద్దు. లోపల మాత విగ్రహం. 1890 ప్రాంతంలో జాలర్లకి ఎదురు తీరంలో ఎకాబ్ అనే పాడుబడ్డ ఊళ్లో మూడు మాత విగ్రహాలు దొరికాయనీ, వాటిలో ఒకటి ఇక్కడికి వచ్చిందనీ, మిగతా రెండూ వేరే ఊళ్లకి వెళ్లాయనీ చెప్తారు. చర్చి మెట్ల దగ్గర పూలు కడుతున్న ఒక పెద్దావిడ ఇంకో మాట కూడా చెప్పింది, ఫోన్లో అనువాదం పెట్టుకుని విన్నాం. మాత రాత్రిపూట చర్చిలోంచి దిగి, తన అక్కచెల్లెళ్లని వెతుక్కుంటూ దీవంతా నడుస్తుందట. పొద్దున చూస్తే గౌను అంచుకి ఇసుక అంటుకుని ఉండేదట.

నేను ఆశ్చర్యపోయాను గానీ అమ్మ అస్సలు ఆశ్చర్యపోలేదు. “మా చిన్నప్పుడు మన పోలేరమ్మ కూడా అంతే, అర్ధరాత్రి గజ్జెల చప్పుడు వినిపించేది, తలుపు తీయొద్దనేది మా నాయనమ్మ” అంది. ఇది ఆ పెద్దావిడకి చెప్పమని నన్ను పట్టుకుంది. పోలేరమ్మని ఆ యాప్ ఏమని అనువాదం చేసిందో దేవుడికే తెలియాలి, ఆవిడ మాత్రం అమ్మ చెయ్యి పట్టుకుని రెండు తెల్ల పూలు ఇచ్చింది. మాకు విజయవాడ గుణదల కొండ తెలుసు కాబట్టి మేరీమాత తిరునాళ్లు కొత్త కాదు, కొబ్బరికాయలు, తలనీలాలు లేవు గానీ ఆ రద్దీలో ఉండే ధోరణి అదే.

ఎనిమిదో తేదీ ఊరేగింపు చూడాలంటే చీకటిపడ్డాక ఉండాలి. పగలు వచ్చి పగలే వెళ్లిపోయే టూరిస్టులకి ఇది దొరకదు, వాళ్లు బీచ్ చూసి, కార్ట్ తోలి, బోటు ఎక్కేస్తారు. ఆ తర్వాత వీధులు ఊరివాళ్ల చేతికి వస్తాయి. మాత భుజాల మీద వస్తుంటే ముందు బ్యాండు, వెనక ఆడవాళ్ల పాట, ఇళ్ల ముందు కుర్చీలేసుకుని కూర్చున్న ముసలివాళ్లు లేచి నిలబడుతున్నారు. తారాజువ్వలు మాత్రం నెత్తిమీదే పేలుస్తున్నట్టు ఉంటాయి, చిన్నపిల్లలుంటే చెవులు జాగ్రత్త. మమ్మల్ని ఎవరూ వింతగా చూడలేదు, చీరకట్టులో ఉన్న అమ్మని చూసి ఇద్దరు ముగ్గురు దారిచ్చి ముందుకు పంపారు. చర్చిలోకి బీచ్ బట్టలతో వెళ్లకండి, ఎవరూ ఏమీ అనరు గానీ చూపులు మనకే తెలుస్తాయి.

తిండి దగ్గరికి వద్దాం. మాంసం, చేపలు తినేవాళ్లకి ఇక్కడ ‘తికిన్ షిక్’ అని ఒకటి ఉంది, చేపని నిలువునా చీల్చి, అచియోటే గింజల ఎర్ర ముద్ద, పుల్ల నారింజ రసం పట్టించి, అరిటాకులో కట్టెల మంట మీద కాలుస్తారు. నేను తిన్నాను, చాలా బాగుంది, కొంచెం ఉప్పు తక్కువ. శాకాహారులకి అసలు ప్రమాదం బీన్స్‌లో ఉంటుంది, వాటిలో పందికొవ్వు వేసే అలవాటు ఉంది, ‘సిన్ మాంతేకా’ అని అడగాలి. ‘మాంసం లేకుండా’ అని అడిగితే చికెన్ పెడతారు, నవ్వులాట కాదు, మాకు జరిగింది. అబనేరో మిరపకాయ పచ్చడి మాత్రం గుంటూరు జిల్లావాళ్ల పరువు తీసేలా ఉంది, మొదట పండులా వాసనొస్తుంది, తర్వాత మాట రాదు.

అమ్మకి తెగ నచ్చినవి రెండు. ఒకటి జమైకా నీళ్లు, ఎర్రగా పుల్లగా ఉంటాయి. అవి ఏంటో చూపించమంటే ఎండబెట్టిన ఎర్ర రేకల డబ్బా తెచ్చారు, అమ్మ ఒకటి కొరికి “ఇది మన ఎర్ర గోంగూర కాయ మీది రేకే కదరా” అంది. నిజమే, అదే మొక్క. మనం ఆకు తిని పువ్వు వదిలేస్తాం, వీళ్లు రేకలు మరగబెట్టి చక్కెర వేసుకుంటారు. రెండోది చౌకులో బండి మీద అమ్మే మార్కెసీతా. రెండు గుండ్రటి ఇనప పలకల మధ్య గరిటెడు పిండి పోసి మూసి, బొగ్గుల మీద అటూ ఇటూ తిప్పి, తెరిచి, ఎర్ర మైనం తొడుగున్న గుండ్రటి ఛీజ్‌ని దాని మీద తురిమి, వేడిగా ఉండగానే చుట్ట చుట్టి కాగితంలో పెట్టి ఇస్తాడు. చల్లారితే ఐస్‌క్రీం కోన్‌లా కరకరలాడుతుంది. తీపి, ఉప్పు కలిసి మొదటి ముక్క వింతగా ఉంటుంది, మూడో ముక్కకి రెండోది ఆర్డర్ ఇస్తారు. పిండిలో గుడ్డు ఉంటుందేమో అడిగి తినండి. అమ్మ అడగొద్దని నాకు సైగ చేసింది.

గది విషయంలో ఎక్కువ చెప్పను. చౌకుకి రెండు వీధుల అవతల చిన్న హోటల్, మంచం బాగుంది, వేడినీళ్లు వచ్చేసరికి చల్లారిపోయేవి. పండగ రోజుల్లో తెల్లవారుజామున కూడా తారాజువ్వలు పేలతాయి, నిద్ర ముఖ్యం అనుకునేవాళ్లు చౌకు పక్కన తీసుకోకండి.

ఆఖరిది, ఇది ఎవరూ చెప్పరు. డిసెంబర్‌లో ఉత్తరపు గాలి, వాళ్ల మాటలో ‘నోర్తే’, ఒక్కోసారి గట్టిగా లేస్తుంది, అప్పుడు రేవు మూసేస్తారు. మాకు తొమ్మిదో తేదీ పొద్దున బోట్లు ఆగి మధ్యాహ్నానికి మొదలయ్యాయి, ఫ్లయిట్ మర్నాడు కాబట్టి టెన్షన్ పడలేదు. బోటు దిగి కాంకూన్ రోడ్డు ఎక్కితే పన్నెండో తేదీ పండగ కోసం కాగడాలు పట్టుకుని పరుగెత్తే కుర్రాళ్లు, వీపు మీద గ్వాదలూపే మాత పటం కట్టుకుని సైకిళ్ల మీద వెళ్లేవాళ్లు, వెనకాల దీపాలు వేసుకున్న వ్యాన్లు. ట్రాఫిక్ నత్తనడక, దాదాపు గంట ఎక్కువ పట్టింది.

కాబట్టి ఆరో తేదీ దిగి తొమ్మిదో తేదీ బయల్దేరేలా పెట్టుకోండి, ఫ్లయిట్ మాత్రం పదో తేదీకి. దీవికి నేనిచ్చేది ఐదుకి నాలుగున్నర, బోటుకి నాలుగు, గోల్ఫ్ కార్ట్‌కి ఒకటి, అదీ మా ఆవిడ తీసిన ఫొటోలకి.