16 గంటల విమానానికి ఏది మేలు: ఇష్టమైన పాటలా, మాటల్లేని సంగీతమా?

దోహాలో ఎక్కితే డల్లాస్‌లో దిగేదాకా సుమారు 16 గంటలు. అంతకుముందు హైదరాబాద్ నుంచి దోహాకు 4 గంటల పైచిలుకు. ఇంత దూరానికి ఏ పాటలు పెట్టుకెళ్లాలని ఎవరిని అడిగినా ఒకటే మాట చెబుతారు: నీకిష్టమైనవన్నీ ఒక ప్లేలిస్ట్‌లో వేసుకో. నా లెక్క వేరు. ప్రాణంగా చూసుకునే పాటలు ఒక 2 గంటలవి చాలు. మిగతా టైమంతా మాటలు తక్కువగా ఉండి ఒకే తీరున నడిచే ఆల్బమ్‌లకు ఇవ్వాలి. ఇండీ సంగీతంలో, అంటే పెద్ద కంపెనీల మీద ఆధారపడకుండా కళాకారులు స్వతంత్రంగా చేసే సంగీతంలో, ఈ రెండు రకాలకూ గొప్ప రికార్డులున్నాయి. పక్కపక్కన పెట్టి చూద్దాం.

మొదటి రకానికి బాన్ ఐవర్ తొలి ఆల్బమ్ 'ఫర్ ఎమ్మా, ఫరెవర్ అగో'. ఆ పేరుతో పాడే జస్టిన్ వెర్నన్ 2006-07 చలికాలంలో అమెరికాలోని విస్కాన్సిన్‌లో, వాళ్ల నాన్నకున్న వేట గుడిసెలో ఒంటరిగా ఉండి ఇందులో చాలా భాగం రికార్డ్ చేశాడు. 2007లో సొంతంగా విడుదల చేశాడు. 2008లో జాగ్‌జాగువార్ అనే ఇండీ లేబుల్ దాన్ని బయటి ప్రపంచానికి అందించింది. 9 పాటలు, 37 నిమిషాలు. తన దొంగగొంతునే (సన్నగా పైకెత్తి పాడే గొంతును) మళ్లీ మళ్లీ రికార్డ్ చేసి ఒకదానిమీద ఒకటి పేర్చాడు. ఒక్క మనిషే పాడుతున్నా ఓ గుంపు సన్నగా పాడుతున్నట్టుంటుంది. రాత్రిపూట ఇంట్లో, ఫ్యాన్ కూడా ఆపేసి వింటే ఒళ్లు జలదరిస్తుంది. మనదేశంలో ఈ కోవకు చెందినవాడు ప్రతీక్ కుహాడ్. 2018లో వచ్చిన 'కోల్డ్/మెస్' పాట 2019లో ఒబామా ప్రకటించిన ఇష్టమైన పాటల జాబితాలో కూడా చేరింది. గిటార్, గొంతు, విడిపోయే ఇద్దరి బాధ. అంతకుమించి అందులో హంగామా ఏమీ ఉండదు.

అలాంటి పాటలు విమానంలో ఎందుకు తేలిపోతాయి? 'ద వుల్వ్స్' పాటే తీసుకోండి. గుసగుసలా మొదలవుతుంది. విమానం హోరులో ఆ గుసగుస అందదు, సౌండ్ పెంచుతాం. పాట చివరికొచ్చేసరికి డ్రమ్ములూ గొంతులూ ఒకదానిమీద ఒకటి పడి గోలగోలగా పెరిగిపోతాయి. ఉలిక్కిపడి తగ్గిస్తాం. దాని తర్వాత కాసేపటికే 'క్రీచర్ ఫియర్' మెల్లగా మొదలవుతుంది, మళ్లీ పెంచుతాం, పల్లవి దగ్గర అది కూడా ఎగసిపడుతుంది. 37 నిమిషాలూ వేలు సౌండ్ బటన్ మీదే ఉంటుంది. నిశ్శబ్దానికీ పెద్ద చప్పుడుకీ మధ్య అంత దూరం ఉండటమే ఆ రికార్డు అందం. ఆ అందం దక్కాలంటే చుట్టూ నిశ్శబ్దం ఉండాలి.

ఇంకో చిక్కు మాటలది. మాట వినపడితే మనసు దాని వెంట పోతుంది. బాగా తెలిసిన పాటైతే తర్వాతి చరణం ముందే లోపల మొదలైపోతుంది. ఎనిమిదో గంటలో, సగం నిద్రలో, మెడ ఒక పక్కకు వాలిపోయి ఉన్నప్పుడు అది హాయి కాదు, పని. పైగా ఇష్టమైన పాట అంటే దాని వెనక ఎవరో ఒకరుంటారు. ఎయిర్‌పోర్టులో ఇంటివాళ్లను వదిలి వచ్చిన రాత్రి ఆ పాటలు వరసగా 4 గంటలు వింటే మనసు బరువెక్కడం తప్ప ఇంకేం జరగదు.

ఇక రెండో రకం. టెక్సస్‌లోని హ్యూస్టన్‌కు చెందిన క్రువాంగ్‌బిన్ అనే బ్యాండ్. లారా లీ బేస్ గిటార్, మార్క్ స్పియర్ గిటార్, డొనాల్డ్ 'డీజే' జాన్సన్ డ్రమ్స్. ఉన్నది ముగ్గురే. తొలి ఆల్బమ్ 'ద యూనివర్స్ స్మైల్స్ అపాన్ యూ' 2015లో వచ్చింది. బర్టన్ అనే చిన్న ఊళ్లో, పొలంలో ఉన్న పాత కొట్టంలో రికార్డ్ చేశారు. 1960లు, 70ల నాటి థాయ్‌లాండ్ ఫంక్ పాటల వాసన అందులో గట్టిగా ఉంటుంది. చాలా పాటలకు మాటలే ఉండవు. ఉన్నచోట కూడా ముగ్గురూ కలిసి సన్నగా నాలుగు ముక్కలు పాడి వదిలేస్తారు.

దీన్ని దగ్గరగా విని చూడండి. జాన్సన్ డ్రమ్స్‌తో ఎక్కడా ప్రదర్శనకు దిగడు. ఒక దెబ్బ పట్టుకుంటే పాట అయ్యేదాకా దాదాపు అదే. రాగాన్ని మోసేది బేస్. లారా లీ నాలుగైదు స్వరాలతో ఒక వరస కట్టి దాన్నే తిప్పుతూ ఉంటుంది. ఆ రెండింటి మీద స్పియర్ గిటార్ గాలిపటంలా స్వేచ్ఛగా తిరుగుతుంది. అయిదు నిమిషాలు కునుకు తీసి లేచినా పాటలో ఏమీ పోగొట్టుకున్నట్టుండదు. మెలకువగా ఉండి చెవి పెడితే మాత్రం గిటార్ వేసే ప్రతి చిన్న మెలికా దొరుకుతుంది. నిద్రకూ మెలకువకూ రెండింటికీ పనికొచ్చే సంగీతం అరుదు. 2018 నాటి 'కాన్ టోడో ఎల్ ముండో' కూడా ఇంతే, కాకపోతే అందులో 'మరియా టాంబియెన్' కాస్త పరుగులు పెట్టిస్తుంది. అది భోజనం ట్రేలు తీసేశాక, కాళ్లు చాపుకోవడానికి వెనక వంటగది దాకా నడిచేటప్పుడు బాగుంటుంది. 2022లో మాలి దేశపు గిటారిస్టు వ్యూ ఫార్కా టూరేతో కలిసి, ఆయన తండ్రి అలీ ఫార్కా టూరే పాటలను మళ్లీ వాయించి 'అలీ' అనే ఆల్బమ్ తెచ్చారు. అందులో గొంతు ఉంది, భాష మనకు తెలియదు. కాబట్టి గొంతు కూడా ఒక వాయిద్యంలాగే వినిపిస్తుంది. రాత్రి విమానానికి నా మొదటి ఓటు దానికే.

అయితే ఈ తీర్పు మీ చెవిలో ఏముందన్న దానిమీద తిరగబడుతుంది. ఎగురుతున్న విమానం లోపల శబ్దం సుమారు 80 నుంచి 85 డెసిబెల్స్ ఉంటుంది. ఇంజిన్లదీ, విమానం ఒంటికి రాసుకుంటూ పోయే గాలిదీ కలిసిన లావుపాటి, కిందిస్థాయి హోరు అది. బేస్ గిటార్ శబ్దం కూడా ఆ లావు స్థాయిలోదే. మామూలు వైరు ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటే ఆ హోరు బేస్‌ని మింగేస్తుంది. క్రువాంగ్‌బిన్‌లో బేస్ పోతే ఇక మిగిలేది గిటార్ తీగల టింగుటింగులే. అప్పుడు మాత్రం గొంతు పాటలే మేలు. మనిషి గొంతు ఆ హోరుకన్నా పైస్థాయిలో ఉంటుంది కనుక కొంతైనా దారి చేసుకుని చెవికి చేరుతుంది. అందులోనూ సౌండ్ ఎక్కువ తక్కువలు కాకుండా సమంగా ఉండే ప్రతీక్ కుహాడ్ లాంటివాళ్లు నయం, బాన్ ఐవర్ కాదు.

నాయిస్ క్యాన్సిలింగ్ హెడ్‌ఫోన్స్ ఉంటే లెక్క మారిపోతుంది. అవి బయటి శబ్దానికి సరిగ్గా ఎదురు శబ్దం పుట్టించి దాన్ని చంపేస్తాయి. ఆగకుండా ఒకేలా వచ్చే లావు హోరు మీదే వాటి బలం అంతా. పసిపిల్లల ఏడుపు, పక్కసీటు కబుర్లు అంతగా ఆగవు. బోస్ ఆడియో కంపెనీ పెట్టిన అమర్ బోస్‌కు ఈ ఆలోచన 1978లో యూరప్ నుంచి అమెరికాకు తిరిగొస్తున్న విమానంలోనే తట్టింది. ఆయన కంపెనీ మొదట 1989లో పైలట్ల కోసం అమ్మకానికి తెచ్చింది. హోరు తగ్గగానే బేస్ తిరిగొస్తుంది, క్రువాంగ్‌బిన్ నిండుగా వినిపిస్తుంది. సౌండ్ పెంచాల్సిన అవసరమూ ఉండదు. ఇది చెవుల విషయం, తేలిగ్గా తీసుకోకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 80 డెసిబెల్స్ సౌండ్‌ను వారానికి 40 గంటలు వినొచ్చు. హోరును మించి వినపడాలని పాట పెంచితే ఆ గీత దాటిపోతాం, అదీ గంటల తరబడి.

నెమ్మదిగా సాగే యాంబియెంట్ సంగీతానికి పేరున్న బ్రయన్ ఈనో 1978 నాటి 'మ్యూజిక్ ఫర్ ఎయిర్‌పోర్ట్స్' మాటేమిటని అడుగుతారని తెలుసు. అది ఇండీ కాదు కానీ ఈ పోటీలో దాని పేరు రాకుండా ఉండదు. మొదటి ముక్కే 17 నిమిషాలు. రెండో దాంట్లో ఉన్నవి గొంతులు మాత్రమే. ఒక్కో గొంతు టేపు పొడవు ఒక్కో రకం కాబట్టి అవి తిరుగుతూ తిరుగుతూ ఎప్పటికప్పుడు కొత్తగా కలుస్తాయి. పడుకోవడానికి దీన్ని మించింది లేదు. కానీ పియానో చాలా మెత్తగా ఉంటుంది, హోరు తగ్గించే హెడ్‌ఫోన్స్ లేకపోతే దీన్ని పెట్టుకుని లాభం లేదు.

మరి ఆ 2 గంటల ఇష్టమైన పాటలు ఎప్పుడు? చివర్లో. విమానంలో లైట్లు వేసి, టిఫిన్ పెట్టి, కిటికీలు తెరిచాక. నిద్ర తీరి మాటలు వినే ఓపిక అప్పుడుంటుంది. హైదరాబాద్ బ్యాండ్ చౌరస్తా 'ఊరెళ్ళిపోతా మామా', 'మాయ' లాంటివి నేను అప్పటికే దాచుకుంటాను. మన మాట, మన యాస వింటే ఒంట్లోకి చురుకు వస్తుంది. అయితే 'ఊరెళ్ళిపోతా మామా' అమెరికా వెళ్లేటప్పుడు కాదు, ఇంటికి వచ్చేటప్పుడు పెట్టుకోవాల్సిన పాట. డల్లాస్‌లో దిగబోయే ముందు నాకు నచ్చేది 'టెక్సస్ సన్'. 2020లో క్రువాంగ్‌బిన్, గాయకుడు లియాన్ బ్రిడ్జెస్ కలిసి చేసిన 4 పాటల రికార్డులో మొదటిది. బ్రిడ్జెస్ ఆ పక్కనే ఉన్న ఫోర్ట్‌వర్త్‌లో పెరిగినవాడు. మాటల్లేని సంగీతంతో రాత్రంతా గడిపాక అదే బ్యాండ్ మీద ఒక మంచి గొంతు పలికితే ఎంత హాయో విని తెలుసుకోవాల్సిందే.

సీటు ముందున్న తెరలో కూడా పాటలుంటాయి కదా అంటే, ఇండీ ఆల్బమ్‌లు అక్కడ దొరికేది తక్కువ, పైగా విమాన సిబ్బంది చేసే ప్రతి ప్రకటనకూ పాట ఆగిపోతుంది. సొంత ఫోనే మేలు. మంచి క్వాలిటీలో గంట పాటలకు దాదాపు 145 ఎంబీ పడుతుంది, 16 గంటలకు రెండున్నర జీబీ లోపే. స్పాటిఫైలో డౌన్‌లోడ్ చేసుకున్నవి నిలవాలంటే 30 రోజులకొకసారైనా ఇంటర్నెట్ తగలాలి. కళాకారుల దగ్గర నేరుగా పాటలు కొనుక్కునే బ్యాండ్‌క్యాంప్ సైట్‌లో కొనుక్కుంటే ఫైలు మన సొంతం, ఎప్పుడైనా మోగుతుంది. డబ్బులో ఎక్కువ వాటా బ్యాండ్‌కే వెళ్తుంది కూడా. ముగ్గురు మనుషులు పొలం కొట్టంలో కూర్చుని చేసిన సంగీతం మనకు ఒక రాత్రిని దాటించిందంటే ఆ మాత్రం కొని వినడం న్యాయం.

అమ్మానాన్నలు ఒంటరిగా పిల్లల దగ్గరికి వెళ్తుంటే వాళ్ల ఫోన్‌లోనూ ఏదో ఒకటి వేసి పంపండి. వాళ్లకు నచ్చేది వాళ్లదే, ఇండీనే కానక్కర్లేదు. కాకపోతే ఎయిర్‌పోర్టుకు బయల్దేరే ముందే ఫ్లైట్ మోడ్‌లో పెట్టి ఒక పాట మోగించి చూపించండి. చాలాసార్లు డౌన్‌లోడ్ అయిందనుకున్నది ఇంటర్నెట్ ఆపగానే మూగబోతుంది.