గండికోట ‘ఫ్యామిలీ రన్’ ప్యాకేజీకి డబ్బు కట్టేముందు ఇది చదవండి

కర్నూలు, నంద్యాల, కడప, అనంతపురం వైపు పరుగు అలవాటున్న అమ్మానాన్నలకు ఒక మాట. వారాంతంలో పిల్లలతో గండికోట, పొద్దున్నే పరుగు, రాత్రికి టెంట్లలో బస అంటూ వాట్సాప్‌లో ఒక ప్యాకేజీ తిరుగుతోంది. దయచేసి తొందరపడి డబ్బు కట్టకండి. మేం కార్తీకమాసంలో వెళ్లొచ్చాం. ‘ఫ్యామిలీ’ అన్న పేరు చెప్పి పిల్లలకు కూడా డబ్బు వసూలు చేశారు, కానీ పిల్లల కోసం అక్కడ ఏ ఏర్పాటూ లేదు. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి నిర్వాహకుల పేరు రాయడం లేదు. ఇలాంటివాళ్లు ఎలా అమ్ముతారో తెలిస్తే రేపు వేరే పేరుతో వచ్చినా మీరు గుర్తుపట్టగలరు.

ఈ ఏడాది దసరా సెలవులు మాకు చాలా బాగా గడిచాయి. మహానంది కోనేట్లో పిల్లలు పెదాలు నీలం తిరిగేదాకా ఆడారు. యాగంటి బసవన్నను చూశారు. బెలుం గుహల్లో ఉక్కకు చొక్కాలు తడిసిపోతున్నా పాతాళగంగ దాకా నడిచారు. ఆ గుహల పొడవు 3,229 మీటర్లని చదివితే “మన స్టేడియంలో ఎనిమిది రౌండ్లే కదమ్మా” అన్నాడు మా బాబు. దీపావళికి ఆదోనిలో అత్తగారింట్లో ఉన్నాం. ఇవన్నీ ఎక్కడికక్కడ టికెట్టు కొనుక్కుని, దారిలో దొరికింది తిని తిరిగిన ప్రయాణాలు. ఎక్కడా టెన్షన్ లేదు. డబ్బు ఎక్కువ పెట్టింది మాత్రం గండికోటకే.

మా ఆయనా నేనూ రోజూ పొద్దున స్టేడియంలో పరుగెత్తుతాం. ఆ గ్రూపులోకే ఈ పోస్టర్ వచ్చింది. పెద్దవాళ్లకు 3,800 రూపాయలు, పిల్లలకు 2,400. పది కిలోమీటర్ల పరుగు, పిల్లలకు విడిగా మూడు కిలోమీటర్లు, ఎవరెంతసేపట్లో పరుగెత్తారో దానంతటదే నమోదు చేసే టైమింగ్ చిప్, దారి పొడవునా వాలంటీర్లు, డాక్టరుతో అంబులెన్సు, కుటుంబానికో పెద్ద టెంటు, భోజనాలు. అన్నీ రాసి ఉన్నాయి. పిల్లల పరుగు ఎక్కడ పెడుతున్నారని ఫోన్ చేసి అడిగాను. “మీరు రండి మేడమ్, అన్నీ మేం చూసుకుంటాం” అన్నారు. డబ్బు మాత్రం సంస్థ ఖాతాకు కాక ఒక మనిషి నంబరుకు ఫోన్‌పే చేయించుకున్నారు. బిల్లు అడిగితే అక్కడికొచ్చాక ఇస్తామన్నారు. ఇప్పటిదాకా ఇవ్వలేదు.

బనగానపల్లె, కొలిమిగుండ్ల, జమ్మలమడుగు మీదుగా సాయంత్రానికి చేరాం. పెద్ద టెంటు అన్నది ఇద్దరు పడుకునే టెంటు. ఇంకోటి కావాలంటే అదనంగా కట్టమన్నారు. భోజనం సంగతి వదిలేయండి, చల్లారిన అన్నం, నీళ్ల సాంబారు. అర్ధరాత్రి వాన మొదలైంది. టెంట్ల చుట్టూ నీళ్లు పోవడానికి చిన్న కాలవైనా తీయలేదు. పరుపుల కిందికి నీళ్లొచ్చాయి. పిల్లల్ని కారులో పడుకోబెట్టాం. ఈశాన్య రుతుపవనాలు మామూలుగా అక్టోబర్ మూడో వారంలో వస్తాయి. ఆ తర్వాత రాయలసీమలో వాన పడటం వింతేమీ కాదు. ఆ రోజుల్లో ఆరుబయట బస పెట్టేవాళ్లకు వానొస్తే ఏం చేయాలన్నది ముందే తెలిసుండాలి. మేం అడిగితే “తగ్గిపోతుందిలే సార్” అన్నారు, అంతే.

పొద్దున ఆరింటికన్న పరుగు ఏడుంపావు దాటాక మొదలైంది, ఎవరో అతిథి రావాలట. ఛాతీకి తగిలించుకునే నంబరు కాగితం (బిబ్) వెనక చిప్ లేదు. ఒక అబ్బాయి ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టుకుని నోటుబుక్కులో నంబర్లు రాసుకున్నాడు. ముగింపు దగ్గర మా ఆయన వాచీలో 8.2 కిలోమీటర్లు వచ్చింది. కొండలూ మలుపులూ ఉన్నచోట జీపీఎస్ కొంత తేడా చూపిస్తుంది గానీ, పదికి దాదాపు రెండు తగ్గదు. పక్కనున్నవాళ్ల వాచీల్లోనూ అంతే. ఇంటికి పంపిన సర్టిఫికెట్లో మాత్రం పది కిలోమీటర్లనే ఉంది. పెద్ద నగరాల్లో జరిగే పరుగులకు పేరిచ్చేటప్పుడు ముందు వరసలో చోటు కోసం పాత టైమింగ్ సర్టిఫికెట్ అడుగుతారు. ఇలాంటి కాగితం అక్కడ చూపిస్తే అది అబద్ధం చెప్పినట్టే. నీళ్లకు దారి మొత్తానికీ ఒకటే బల్ల. వెనకబడినవాళ్లు వచ్చేసరికి క్యాన్లు ఖాళీ.

ఇంతవరకూ జరిగినదాన్ని డబ్బు నష్టం అనుకుని వదిలేసేదాన్ని. ఈ పోస్టు రాయడానికి కారణం పిల్లల పరుగు.

పెద్దవాళ్ల పరుగు, పిల్లల పరుగు ఒకే సమయానికి పెట్టారు. పిల్లల్ని వాలంటీర్లకు అప్పగించి మమ్మల్ని పరుగెత్తమన్నారు. నేను పరుగు మానుకుని పిల్లల దగ్గరే ఉండిపోయాను. నలభై మంది దాకా పిల్లలు. వాళ్లకు ఉన్నది ఒకే ఒక్క కాలేజీ కుర్రాడు. అతనూ విజిల్ ఊది బయలుదేరే చోటే నిలబడిపోయాడు. తాడు లేదు, జెండాలు లేవు. దారి చూపించడానికి ముందురోజు సాయంత్రం రాళ్ల మీద ముగ్గుపిండితో బాణాలు వేశారట. రాత్రి వానకు అవి కొట్టుకుపోయాయి. జుమ్మా మసీదు దాటాక దారి రెండుగా చీలేచోట తెల్లటి మరక ఒకటి మిగిలింది. అది ఎటు చూపిస్తోందో పెద్దవాళ్లకే తెలియదు. ముందున్న పిల్లలు జనం ఫోటోలు తీసుకునే బండల వైపు తిరిగారు.

గండికోట చూసినవాళ్లకు ఆ చోటు ఎలా ఉంటుందో నేను చెప్పక్కర్లేదు. ఎర్రమల కొండల్ని పెన్నానది నిలువునా కోసుకుంటూ పోయిన లోయ అది. బండ అంచున నిలబడితే కింద నది కనిపిస్తుంది, మధ్యలో ఆపడానికి ఏమీ లేదు. మేమున్నచోట కంచె గానీ తాడు గానీ లేదు. బండలు తడిగా, నున్నగా ఉన్నాయి. మేకలు తోలుకుపోతున్న ఒక పెద్దాయన మాకంటే ముందే చూసి కర్ర అడ్డం పెట్టి అరిచాడు: “పిల్లోల్ని ఈ పక్కకు రానీయాకండమ్మా, వానకు బండ జారుతాది!” నేనూ ఇంకొందరు తల్లులూ పరుగెత్తి వాళ్లను వెనక్కి తిప్పాం. ఆ గోలలో ఒక పాప జారిపడి మోకాలు చెక్కుకుపోయింది. ఎర్రటి రాతిపొడి గాయంలో అంటుకుని ఉంది, కడగడానికి నీళ్లు కూడా మా సీసాలోవే. డాక్టరుతో అంబులెన్సు ఏదని అడిగితే ఒక కారు చూపించారు. అందులో దూది, సగం వాడిన ఆయింట్‌మెంట్ ట్యూబు ఉన్నాయి, డాక్టరు లేడు. ఏదైనా జరగరానిది జరిగితే ఆసుపత్రికి జమ్మలమడుగు పోవాలి, పదిహేను కిలోమీటర్ల దూరం. ఆ పెద్దాయన అక్కడ లేకపోతే అనే ఆలోచన వస్తే నాకిప్పటికీ చేతులు వణుకుతాయి.

డబ్బు వెనక్కివ్వమని అడిగితే వచ్చిన జవాబు, “వాన మా చేతుల్లో ఉందా మేడమ్?” వాన వాళ్ల చేతుల్లో లేదు, నిజమే. లోయ వైపు తాడు కట్టడం, మలుపు దగ్గర ఒక మనిషిని నిలబెట్టడం వాళ్ల చేతుల్లోనివే కదా. ఇదే మాట గ్రూపులో రాస్తే నన్ను గ్రూపులోంచి తీసేశారు.

దాంతో జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేశాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాం. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఉండే జిల్లాలోనే కేసు వేసుకోవచ్చు, నిర్వాహకులు ఏ ఊరివాళ్లైనా సరే. చెల్లించింది ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు. జరిగిన రెండేళ్లలోపు వేయాలి. బిల్లు ఇవ్వకపోవడాన్నే ఆ చట్టం అనుచిత వ్యాపార పద్ధతి అంటోంది. “చేతిలో బిల్లు లేదు, ఏం చేయగలం” అని ఊరుకోకండి. ఫోన్‌పే చెల్లింపు వివరాలు, పోస్టర్, వాళ్లతో నడిచిన మెసేజ్‌లు చాలు, కేసు మొదలుపెట్టొచ్చు.

ఇలాంటి వారాంతపు పరుగులకు వెళ్లాలనుకునేవాళ్లు డబ్బు కట్టకముందే పిల్లల పరుగు దారి మ్యాపు అడగండి. పెద్దవాళ్ల పరుగు ముగిశాకే పిల్లలది పెడతారా, ఎంతమంది పిల్లలకు ఒక మనిషి ఉంటాడు అని కూడా అడగండి. ఈ రెండింటికి నేరుగా జవాబు రాకపోతే అక్కడితో ఆపేయడం మేలు. గండికోట కట్టడాలు పురావస్తు శాఖ రక్షణలో ఉన్నవి. అక్కడ ఈవెంట్ పెడుతున్నామనేవాళ్లను అనుమతి కాగితం చూపించమనండి, నిజంగా ఉన్నవాళ్లు దాచరు. డాక్టరు పేరు, టెంటులో ఎంతమంది పడతారు, వానొస్తే బస ఎక్కడ, ఇవన్నీ ఫోన్లో కాకుండా మెసేజ్‌లో రాయించుకోండి.

గండికోటకు వెళ్లొద్దని నేను అనడం లేదు. టూరిజం వాళ్ల హోటల్లో గది ముందే బుక్ చేసుకుని, సాయంత్రం మాధవరాయ స్వామి గుడి గోపురం మీద ఎండ పడే వేళకు పిల్లల చెయ్యి పట్టుకుని తిరగండి. పరుగెత్తాలనుంటే లోయకు దూరంగా తారురోడ్డు ఉంది, పొద్దున్నే ఖాళీగా ఉంటుంది.

ఇదే బృందం సంక్రాంతి సెలవులకు మళ్లీ ప్యాకేజీ అమ్ముతోంది. పోస్టర్ రంగు మారింది, డబ్బు కట్టమన్న నంబరు పాతదే. ఇప్పటికే కట్టినవాళ్లు రద్దు చేస్తున్నామని ఈరోజే మెసేజ్‌లో రాసి పంపండి, ఫోన్లో చెప్పి వదిలేయకండి. మాతో పాటు వచ్చిన కుటుంబాలు ఎవరి చెల్లింపు రసీదుతో వాళ్లు విడివిడిగా 1915లో ఫిర్యాదు ఇవ్వండి. చెరిగిపోయిన బాణాల ఫోటోలు, ఆ కారులో ఉన్న మందుల పెట్టె ఫోటో నా దగ్గర ఉన్నాయి. కావలసినవాళ్లు అడగండి, పంపిస్తాను.